కీమోలో జుట్టు రాలకుండా కూలింగ్ క్యాప్ కాపాడుతుందా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. వచ్చే వారం కీమోథెరపీ మొదలవుతుంది. ముందు నాలుగు సార్లు ఏసీ అనే రెండు మందుల కలయిక, తరువాత 12 వారాలు పాక్లిటాక్సెల్ అనే మందు ఇస్తామన్నారు. తలకు చల్లటి టోపీ పెడితే జుట్టు రాలదని విన్నాను, నిజమేనా? ఇంట్లో ఐస్ పెట్టుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: జుట్టు గురించి అడగడానికి సంకోచించకండి అమ్మా. ప్రాణం ముఖ్యం కాదా అని చుట్టుపక్కలవాళ్లు అన్నా, అద్దంలో చూసుకోవలసింది మీరు.

తల చర్మాన్ని సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే అక్కడి రక్తనాళాలు సన్నబడి, కుదుళ్లకు చేరే మందు తగ్గుతుంది. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగి 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, టోపీ పెట్టుకున్న 95 మందిలో 48 మందికి జుట్టు నిలిచింది, పెట్టుకోని 47 మందిలో ఒక్కరికీ నిలవలేదు. అయితే నిలవడం అంటే సగం కన్నా తక్కువ రాలడమని అర్థం. పైగా మీకు ముందుగా ఇచ్చే ఏసీలోని ఎర్రమందు, అంటే డాక్సోరుబిసిన్ విషయంలో ఈ పద్ధతి అంత బాగా పనిచేయదు, పాక్లిటాక్సెల్‌తో ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఇది తెలిసే నిర్ణయించుకోండి.

మందు ఎక్కించడానికి అరగంట ముందు నర్సు జుట్టు తడిపి, పాయలు తీసి, టోపీ బిగిస్తారు. నడినెత్తిన ఖాళీ మిగిలితే అక్కడే జుట్టు ఊడుతుంది కాబట్టి, వదులుగా అనిపిస్తే వెంటనే చెప్పండి. మొదటి పది, పదిహేను నిమిషాలు తలనొప్పి, వణుకు ఎక్కువగా ఉండి, తరువాత తిమ్మిరెక్కి సర్దుకుంటుంది. మందు అయిపోయాక కూడా గంటన్నర లేదా అంతకన్నా ఎక్కువసేపు టోపీ తీయకూడదు. ఇంట్లో దువ్వడం మానకండి, చిక్కులు పడతాయి. వెడల్పు పళ్ల దువ్వెనతో నెమ్మదిగా దువ్వుకోండి, రంగు వేయకండి, జడ బిగించి అల్లకండి.

ఇంట్లో ఐస్ పెట్టుకోవడం మాత్రం వద్దు. చల్లదనం అంతటా సమానంగా అందదు, చర్మం కమిలిపోతుంది, పైగా మందు రక్తంలోకి ఎక్కే సమయానికి మీరు ఆసుపత్రిలో ఉంటారు.

రక్త క్యాన్సర్లు ఉన్నవారికి, చలి తగిలితే దద్దుర్లు లేచేవారికి ఇది పనికిరాదు. మీకు అలాంటి ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి. మొదటి డోసు నుంచే టోపీ పెట్టాలి. సాధారణంగా రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది, అప్పుడు మొదలుపెడితే ఆలస్యమవుతుంది. అందుకే మీ ఆసుపత్రిలో టోపీని చల్లబరిచే యంత్రం ఉందో లేదో, ఖర్చు ఎంతో ఈ వారంలోనే అడగండి. లేదంటే దానికోసం కీమో తేదీని మాత్రం వాయిదా వేయించుకోకండి. టోపీ లేకపోయినా, కీమో ముగిసిన కొన్ని నెలల్లో చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది.