గుర్రానికి దాణా వేశావా?

తమ్ముడూ,

నీ సీరియల్ నాలుగు అధ్యాయాలూ ఒక్క రాత్రిలో చదివాను. మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్ళీ చదివాను. దయ్యాల కథని పట్టపగలు, కడుపు నిండాక చదివితేనే దాని సత్తా తెలుస్తుంది. మొదటి అధ్యాయం నిలబడింది. మిగతా మూడింటిలో పొగమంచు ఎక్కువ, మనుషులు తక్కువ.

నీ వేటగాడు ఊళ్ళోకి వస్తాడు, రక్తపిశాచిని చంపుతాడు, వెళ్ళిపోతాడు. సరే, అతన్ని పిలిచింది ఎవరు? ఎంతకు ఒప్పుకున్నాడు? ఆ డబ్బు ఊళ్ళో తలా ఎంత వేసుకున్నారు, ఎగ్గొట్టింది ఎవరు? మన పల్లెల్లోనైనా భూతవైద్యుడు గుమ్మం ముందు నిలబడితే ముందుగా తేలేది అతనికి ఇవ్వాల్సిన దాని సంగతే కదా!

ఇది నా చాదస్తం అనుకోకు. నీ కథ జరిగే బాల్కన్ ప్రాంతంలో, అంటే ఐరోపా ఆగ్నేయ మూలన, అది నిజంగానే ఒక వృత్తిగా ఉండేది. అక్కడి రోమా జనం (జిప్సీలంటారే, వాళ్ళు) నమ్మకం ప్రకారం, చచ్చి పిశాచమైనవాడు రాత్రిళ్ళు భార్య దగ్గరికి వస్తే పుట్టే కొడుకు దాంపిర్. పిశాచం మామూలు కంటికి ఆనదు, అతనికి మాత్రం కనిపిస్తుంది. ఎక్కడ కష్టమొస్తే అక్కడికి పిలుపు వచ్చేది. వెళ్ళి చొక్కా విప్పి, ఆ చొక్కా చేతిని దుర్భిణిలా కంటికి ఆనించుకుని అందులోంచి చూసేవాడు. ఈల వేసేవాడు. ఉన్నట్టుండి గాలితో కుస్తీ పట్టేవాడు. చివరికి పిశాచం చచ్చిందని చెప్పి, డబ్బో బట్టలో భోజనమో పుచ్చుకుని తన దారిన పోయేవాడు.

ఆ చొక్కా చేతి దగ్గర కాసేపు ఆగు. జనం చుట్టూ మూగి చూస్తున్నారు. వాళ్ళకు కనబడేది గాలిలో చేతులు విసురుతున్న ఒక మనిషి, అంతే. అతను నిజంగా చూస్తున్నాడా, నటిస్తున్నాడా? ఆ సంగతి అతనికైనా తెలుసా? నీ నాలుగో అధ్యాయంలోని వెండి కత్తి, ఉరుములు, పదకొండు పేజీల పోరాటం అన్నీ కలిపి తూచినా ఈ చొక్కా చేతి పక్కనే ముల్లు మొగ్గుతుంది.

భయం సంగతీ అంతే. 1725లో, అదే బాల్కన్‌లోని ఉత్తర సెర్బియా ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న రోజుల్లో, కిసిలొవా గ్రామంలో పీటర్ బ్లగోయెవిచ్ అనే అతన్ని పూడ్చి పది వారాలయింది. ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు. అతనే నిద్రలో వచ్చి గొంతు నులిమాడని పోయేముందు చెప్పారట. ఫ్రోంబాల్ట్ అనే అధికారి, పైనుంచి అనుమతి వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగకపోగా, ఒప్పుకోకపోతే ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పోతామన్నారు గ్రామస్థులు. చేసేది లేక మతగురువును వెంటబెట్టుకుని వెళ్ళాడు. సమాధి తవ్వారు, నోట్లో తాజా నెత్తురు ఉందన్నారు, గుండెలో మేకు దించారు, కాల్చేశారు. అదంతా నివేదికగా రాసి, చివర్లో ఆయన ఒక విన్నపం చేర్చాడు: ఇందులో పొరపాటేమైనా జరిగి ఉంటే దాన్ని తనమీద వేయొద్దని, భయంతో మతిపోయిన ఈ జనం మీద వేయమని! ఇంతా చేసి, ఆయన దిగులు తన ఉద్యోగం గురించి. అలాంటివాడు ఒక్కడు నీ కథలోకి వస్తే సగం పొగమంచు దానంతటదే విడిపోతుంది.

నీ నాయకుడు నోరు విప్పడు. తప్పులేదు, కానీ మౌనికి పక్కన వాగేవాళ్ళు కావాలి. జపాన్ రచయిత హిదెయుకి కికుచి 1983లో మొదలుపెట్టిన నవలల్లో డి అనే వేటగాడు కూడా దాంపిరే, మితభాషే. కికుచి అతని ఎడమ అరచేతిలో ఒక మొహం పెట్టాడు. అది మాట్లాడుతుంది, యజమానిని వెక్కిరిస్తుంది కూడా. ఆ అరచేతిని నువ్వు ఎత్తుకురావద్దు. నీకు పూటకూళ్ళమ్మ ఉందిగా! అంత నోరున్న మనిషిని రెండో అధ్యాయంలోనే ఎందుకు చంపుకున్నావు?

మరో మాట. నీ వయసులో నేనూ ఒక వారపత్రికకు ఇలాంటి సీరియల్ రాశాను. ప్రతి వారం కిందటి వారం కన్నా పెద్ద రాక్షసుణ్ణి దించాను. పదకొండో వారానికి కొండంతవాడు వచ్చాడు. పన్నెండో వారం ఏం రాయాలో తెలియక జ్వరమని ఉత్తరం రాసి పడేశాను. విక్రమార్కుణ్ణి చూడు. అదే చెట్టు, అదే శవం, అదే భుజం. మారేది బేతాళుడు చెప్పే కథ ఒక్కటే. చందమామ దశాబ్దాల తరబడి నెలనెలా అలాగే నడిపింది. నీ వేటగాణ్ణి మార్చకు, ఊళ్ళను మార్చు. ఒక ఊరు పైకం ముందే ఇస్తుంది, ఒక ఊరు పనయ్యాక తలుపు వేసుకుంటుంది. ఇంకో ఊళ్ళో అసలు పిశాచమే ఉండదు, పొలం తగాదా ఉంటుంది.

భాష గురించి ఎక్కువ చెప్పను. 'ఘోరాంధకారబంధురం' అన్నచోట 'దీపం లేదు' అని రాసి చూసుకో.

అయిదో అధ్యాయం పంపేముందు ఒక్క పని చెయ్యి. మొదటి అధ్యాయంలో అతను పూటకూళ్ళ ఇంటి ముందు గుర్రాన్ని కట్టేశాడు. నాలుగు అధ్యాయాలు గడిచాయి, పూటకూళ్ళమ్మ కూడా పోయింది. అది ఇంకా అక్కడే వానలో నిలబడి ఉంది.