పన్నెండేళ్లుగా షెడ్డులో ఉన్న అంబాసిడర్‌ను మళ్లీ నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తాతగారి 1984 నాటి పెట్రోలు అంబాసిడర్ మార్క్ 4 పన్నెండేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉందనీ, కొత్త బ్యాటరీ పెట్టి నలుగురితో తోయిస్తే స్టార్ట్ అవుతుందా అనీ, మీ మెకానిక్ మాత్రం ఇంజను దింపి మొత్తం విప్పాల్సిందేనంటున్నాడనీ రాశారు. ఈ రెండు దారులూ వద్దని నా సలహా. తెనాలిలో మా నాన్నగారి మార్క్ 3 కూడా ఆయన పోయాక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ఉండిపోయింది. దాన్ని ఇంజను దింపకుండానే రోడ్డెక్కించాం, ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. ఇంజను శబ్దం వినాలనే ఆత్రాన్ని కొంతకాలం పక్కన పెట్టగలిగితే మీ బండికి కూడా అంత పెద్ద ఖర్చు అవసరం పడకపోవచ్చు.

తోయించవద్దని ఎందుకంటున్నానో ముందు చెబుతాను. ఇన్నేళ్లలో సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర పూర్తిగా కిందికి జారిపోయి ఉంటుంది. చెమ్మ తగిలి పిస్టన్ రింగులు గోడలకు పట్టేసి ఉండవచ్చు. ఆ స్థితిలో గేరు వేసి తోస్తే బండి బరువంతా రింగుల మీద పడి అవి విరుగుతాయి, లేదా సిలిండర్ లోపలి గోడ మీద గీతలు పడతాయి. అప్పుడు నిజంగానే ఇంజను దింపవలసి వస్తుంది.

కాబట్టి నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ప్రతి సిలిండర్‌లోనూ ఇంజను ఆయిల్, డీజిల్ కలిపిన మిశ్రమాన్ని నాలుగైదు చెంచాలు పోసి, కొన్ని రోజులు అలాగే వదిలేయండి. మధ్యమధ్యలో మరికాస్త పోస్తూ ఉండండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు నుంచి ఇంజను తిప్పే హ్యాండిల్‌తో గానీ, ఇంజను ముందుండే క్రాంకు పుల్లీ నట్టుకు పెద్ద పానా వేసి గానీ, చేతి బలంతో నెమ్మదిగా కదిపి చూడండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, వెనక్కీ ముందుకీ ఆడిస్తూ పోతే మెల్లగా వదులవుతుంది. కదలకపోతే పానాకు పైపు తొడిగి బలం పెంచకుండా మళ్లీ ఆయిల్ పోసి ఆగండి.

ఇంజను తిరుగుతోందని తెలియగానే సెల్ఫ్ కొట్టడానికి వెళ్లవద్దు. ముందు ఇంజను పైన ఉన్న రాకర్ కవర్, అంటే వాల్వులను నొక్కే రాకర్ల మీది మూత తీయండి. ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే మీరు ఎనిమిది వాల్వులనూ ఒక్కొక్కటిగా గమనించండి. రాకర్ నొక్కినప్పుడు వాల్వు కిందికి దిగి, వదలగానే స్ప్రింగుతో పాటు పైకి రావాలి. మా బండిలో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దిగింది గానీ తిరిగి రాలేదు. రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య వేలు పట్టేంత సందు కనిపించింది. అదే స్థితిలో ఇంజను స్టార్ట్ చేసి ఉంటే రాకర్‌ను కింది నుంచి తోసే పుష్‌రాడ్ వంగేది. వాల్వు కాడ చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి, మర్నాడు చెక్క సుత్తితో పైనుంచి తేలిగ్గా తడుతూ ఆడిస్తే అది వదులైంది. అన్నీ సరిగ్గా ఆడుతున్నాయని తేలాక టప్పెట్ సందు (రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉండాల్సిన ఖాళీ) అంగుళంలో వెయ్యికి 15 వంతులు ఉండేలా సరిచేసుకోవాలి.

ఆ తర్వాత ఇంజను అడుగున ఉండే సంపులోని పాత ఆయిల్ తీసేసి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోయండి. ఎలుకలు కొరికిన వైర్లు ఎక్కడున్నా ముందు మార్చి, ఇప్పుడు మంచి బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు బిగించకుండానే, ఆయిల్ ఒత్తిడి చూపే గేజి ముల్లు లేచేవరకు లేదా ఆయిల్ దీపం ఆరేవరకు విరామమిస్తూ సెల్ఫ్ కొట్టాలి. కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి లేకుండా తేలిగ్గా తిరిగే ఆ కాసేపట్లో ఆయిల్ అన్ని బేరింగులకూ చేరుతుంది. ఇది తప్పక చేయవలసిన పని.

ట్యాంకులోని పాత పెట్రోలును ఏ కారణంతోనూ వాడవద్దు. అది ఆవిరైపోయి అడుగున జిగట పొరగా మిగులుతుంది, దాని కింద తుప్పు ఉంటుంది. ట్యాంకు దింపి కడిగించుకోవడం మేలు. అది పూర్తయ్యేవరకు చిన్న డబ్బాలో కొత్త పెట్రోలు పోసి, కొత్త గొట్టంతో కార్బురేటర్‌కు అందించి, ఇంజనుకు దూరంగా వేలాడదీసి స్టార్ట్ చేయవచ్చు. పక్కన మంటలార్పే సిలిండర్ తప్పనిసరిగా ఉండాలి. ఈ రోజుల్లో బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఆనాటి రబ్బరు గొట్టాలనూ, పెట్రోలు పంపు లోపలి డయాఫ్రం పొరనూ అది మెత్తబరుస్తుంది, పైగా గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. అందువల్ల పైకి బాగానే కనిపిస్తున్నా రబ్బరు భాగాలన్నీ మార్చేయండి.

మీ బండికి ఎస్.యు. కార్బురేటర్ ఉంటే దాన్ని శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. పైన గంట ఆకారంలో ఉన్న భాగం తీస్తే పిస్టన్, దానికి వేలాడే సూది కనిపిస్తాయి. సూది వంగకుండా చూసుకుంటూ రెండింటినీ పెట్రోలుతో తుడిచి మళ్లీ అమర్చండి. పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే ఎక్కడా తట్టుకోకుండా జారి, అడుగున టక్కుమని తగలాలి. ఆ శబ్దం రాకపోతే సూది ఒక పక్కకు రాసుకుంటున్నట్టు. పైనున్న డ్యాంపర్‌లో పల్చటి ఆయిల్ పోయడం మరవకండి. ఇక ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, తెరుచుకుని మూసుకునే పాయింట్లను సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెట్టి, కండెన్సర్ కొత్తది వేసి, ప్లగ్గు వైర్లను 1-3-4-2 వరుసలో తగిలిస్తే స్పార్కు వస్తుంది. రేడియేటర్‌ను కడిగించి, గొట్టాలు కొత్తవి వేయించండి.

ఇంజను స్టార్ట్ అయి వేడెక్కాక కంప్రెషన్ కొలిపించండి. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా చూపిస్తే ఇంజను విప్పవలసిన పని లేదని మీ మెకానిక్‌కే అర్థమవుతుంది. ఒకటి తక్కువ చూపితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే చాలావరకు వాల్వులది.

ఇంతవరకు బండిని ఉన్నచోటి నుంచి అంగుళం కూడా కదపకూడదు, ఎందుకంటే ఇన్నేళ్లు నిలిచిన బ్రేకులను నమ్మలేం. మాకు ఇంజను కన్నా ఎక్కువ ఖర్చయింది బ్రేకులకే, ఆ డబ్బు గురించి నాకు ఏనాడూ విచారం లేదు. బ్రేకు ఆయిల్ చెమ్మను పీలుస్తుంది కనుక చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ల లోపలి గోడలు తుప్పుతో గుంటలు పడతాయి. అలాంటి వాటికి కొత్త రబ్బరు కిట్ వేసినా కొద్ది రోజులకే కారతాయి, కాబట్టి సిలిండర్లే మార్చండి. రబ్బరు బ్రేకు గొట్టాలు లోపలికి ఉబ్బిపోతే పెడల్ నొక్కినప్పుడు ఆయిల్ వెళుతుంది గానీ తిరిగి రాదు, చక్రం పట్టుకునే ఉంటుంది. మా మార్క్ 3లో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు ఆయిల్ లైను. ఒక్కచోట లీకైతే పెడల్ నేలకంటుతుంది, బండిని ఆపడానికి ఇక హ్యాండ్ బ్రేకు ఒక్కటే దిక్కు. టైర్ల గీతలు ఎంత లోతుగా ఉన్నా, పక్కల పగుళ్లుంటే వాడవద్దు.

సామాను దొరకదని భయపడనక్కరలేదు. అంబాసిడర్లు తయారైన బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో తయారీ ఆగిపోయినా, విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే చాలా భాగాలు దొరుకుతాయి; అక్కడ లేనివి చెన్నై పుదుపేటలో, కలకత్తా మల్లిక్ బజారులో దొరుకుతాయి. పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లి, పక్కన పెట్టి పోల్చి కొనండి.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఆర్.సి. పుస్తకం తీసి చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అందుకు బండి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. బండి ఇంకా తాతగారి పేరునే ఉంటే వారసుల పేరుకు మార్చే పని కూడా దీనితోపాటే మొదలుపెట్టండి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లకు మాత్రమే వర్తిస్తాయి కనుక మీ బండికి అవి వర్తించవు. మా విషయంలో మరమ్మతు కన్నా ఈ కాగితాలకే ఎక్కువ కాలం పట్టింది. ఇంజను ఆయిల్‌లో నానుతున్న రోజుల్లోనే రవాణా శాఖ కార్యాలయానికి ఒకసారి వెళ్లి, ఏ కాగితాలు కావాలో రాయించుకుని రండి.