బొమ్మల కొట్టు పెట్టబోతున్న మేనకోడలికి

చిట్టీ,

అత్త ఆశీస్సులు. ఉద్యోగం మానేసి కాకినాడలో బొమ్మల కొట్టు పెడుతున్నావని, వీలైనంతవరకు మన దగ్గర తయారైనవే అమ్ముతానంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడేమో టెన్షన్ పడుతూ చెప్పాడు, నేనేమో పొంగిపోతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక నాకూ గుబులు మొదలైంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే సగం చెప్పేసరికి "సరే అత్తా, సరే అత్తా" అంటావు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. జీఎస్టీ నంబరు తీసుకో. అద్దె అగ్రిమెంటు నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించు. అరువు ఎవరికీ పెట్టకు, చుట్టాలకైతే అసలే వద్దు.

ఇక చవక సరుకు. నువ్వు షట్టర్ ఎత్తిన కొన్నాళ్లకే ఎవరో ఒకరు వస్తారు. రిమోట్ కార్లు, లైట్లు వెలిగే తుపాకులు, పాడే కుక్కపిల్లలు ఒక అట్టపెట్టె నిండా చూపిస్తారు. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామంటారు. అప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకో. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. ఓడ ఖర్చు, 70 శాతం సుంకం, మధ్యవాళ్ల లాభం అన్నీ కలిపినా ఆ బొమ్మ అంత చవగ్గా దొరుకుతోందంటే ఎక్కడో ఏదో ఎగ్గొట్టారు. సుంకమైనా ఎగ్గొట్టి ఉండాలి, సరుకు నాణ్యతలోనైనా కోత పెట్టి ఉండాలి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, ఇక్కడ చేసినా బయట నుంచి వచ్చినా సరే. ఆ మార్కుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. మార్కు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవుతుంది, అందుకని ఆ నంబరు, ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. బద్ధకించకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. మీ మావయ్య కొట్టు సంగతి మన ఇంట్లో ఎవరూ నీకు పూర్తిగా చెప్పలేదు.

తునిలో ఆయన కొట్టు అంటే లక్కపిడతలు, గిలక్కాయలు, బొంగరాలు. అన్నీ లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక నుంచే. అడ్డరోడ్డులో బస్సు దిగి, ఊళ్లోకి వెళ్లి, కర్రని తిప్పుతూ చెక్కే లేత్ దగ్గర కూర్చుని సరుకు ఏరుకుని తెచ్చేవారు. పెళ్లైన కొత్తలో నన్నూ తీసుకెళ్లారు. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనించగానే ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు అంటుకుంటుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, ఇవే రంగులు. పిల్ల నోట్లో పెట్టుకుంటే భయం లేదమ్మా అని లేత్ మీద పనిచేస్తున్న పెద్దాయన నాతో అన్నారు. అప్పటికి నాకు పిల్లలు లేరు. ఆ మాట ఎందుకో మనసులో ఉండిపోయింది.

2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద మిగిలిన పరిమితులు ప్రభుత్వం ఎత్తేసింది. ఆ తర్వాత హోల్‌సేల్ బజార్ల నిండా చైనా బొమ్మలే. పక్క కొట్లవాళ్లు తెచ్చారు, మావయ్య ఆగలేకపోయారు. నేను వద్దంటే, జనం అడిగేది అమ్మాలి గానీ మనకి నచ్చింది కాదు అన్నారు. ఏటికొప్పాక ఆర్డరు ఆపేసి ఉన్న డబ్బంతా ఆ సరుకు మీద పెట్టారు. దసరాకి బాగా పోయింది, నిజమే. సంక్రాంతి వచ్చేసరికి చక్రాలూడిన కార్లు పట్టుకుని తల్లులు వెనక్కి రావడం మొదలుపెట్టారు. అది డబ్బు నష్టం, పోతే పోయింది.

ఒక రోజు మధ్యాహ్నం మా వీధిలో అమ్మాయి ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చింది. మా కొట్లో కొన్న పాటల బొమ్మ వెనక మూతకి స్క్రూ లేదు, వేలితో లాగితే ఊడిపోతుంది. రెండేళ్ల పిల్లాడు అందులోంచి బటన్ బ్యాటరీ తీసి మింగేశాడు. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుందట. విశాఖ తీసుకెళ్లారు, బ్యాటరీ తీశారు, పిల్లాడు బతికాడు. చాలా రోజులు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టారు.

తర్వాత ఆ తల్లి మా గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది, ఇది ఎవరు చేశారు అని. మావయ్య అట్టపెట్టె అటూ ఇటూ తిప్పి చూశారు. పేరు లేదు, ఊరు లేదు. హోల్‌సేల్ వాడికి ఫోన్ చేస్తే, కంటైనర్లో వచ్చింది, నాకేం తెలుసు అన్నాడు. చిట్టీ, నాకు పరాయి దేశం సరుకంటే కోపం లేదు, అక్కడా మంచి బొమ్మ చేసేవాళ్లు ఉంటారు. ఏదైనా జరిగితే నిలదీయడానికి మనిషి లేని సరుకంటే నాకు భయం.

మిగిలిన ఆ సరుకంతా తగలబెట్టి మావయ్య మళ్లీ ఏటికొప్పాక వెళ్లారు. ఆ పెద్దాయన కొడుకు లేత్ అమ్మేసి హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరాడని చెప్పారు. మనలాంటి కొట్లు ఎన్ని ఆర్డర్లు ఆపితే ఆ లేత్ ఆగిందో. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

అలాగని ఇక్కడ చేసిందల్లా మంచిదని కళ్లు మూసుకుని కొనకు. లక్కబొమ్మలనే పేరుతో డబ్బా రంగు పూసినవీ అమ్ముతారు. రంగు ఎలా వేశారో చూపించమను, చూపించనివాడి దగ్గర కొనకు. రిజిస్టరైన హస్తకళాకారులకీ, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చేది) ఉన్న బొమ్మలకీ ఆ ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి అక్కడ పరీక్ష చేయాల్సింది నువ్వే. కొండపల్లి బొమ్మ ప్రాణం పెట్టి చేస్తారు. పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల మక్కుతో, అంటే ఆ ముద్దతో, అతికి, ఏనుగు అంబారీ మీద మనిషి మీసం దాకా దిద్దుతారు. కానీ అది బొమ్మల కొలువులో పెట్టుకునేది. ఏడాది పిల్లకి ఆడుకోవడానికి ఇస్తే విరగ్గొడుతుంది, కొరుకుతుంది. కొనేవాళ్లకి ఆ మాట చెప్పి అమ్ము, బేరం పోతే పోనీ.

దేశం మీద ప్రేమ ఉంటే ఇదే కొనండి అని మాత్రం ఎవరినీ ఒత్తిడి చేయకు. రోజుకూలి తండ్రి చవక కారు అడిగితే ముఖం ముడుచుకోకు తల్లీ, ఆయన డబ్బు ఆయన చెమట. కర్ర బొంగరాలు, చిన్న బండ్లు తక్కువ ధరలో ఒక అర నిండా ఎప్పుడూ ఉంచు. నీ కొట్లోంచి ఏ పిల్లా వట్టి చేతులతో వెళ్లకూడదు.

బొమ్మలు చేసేవాళ్లకి అడ్వాన్సు ఇవ్వు. సంక్రాంతి సరుకు వానాకాలంలోనే చెప్పు, కర్ర ఎండటానికి వాళ్లకి టైము కావాలి. బేరమాడు గానీ ఒప్పుకున్నాక తగ్గించకు. నా దగ్గర కొంత డబ్బు ఉంది, మీ నాన్నకి చెప్పకుండా అడుగు.

మొదటి ఆర్డరు లిస్టు పెట్టేముందు నాకు వాట్సాప్ చెయ్యి. బ్యాటరీ ఉన్న ప్రతి బొమ్మకీ మూత వైపు ఫొటో తీసి పంపు, స్క్రూ కనిపించేలా. నేను చూశాకే డబ్బు కట్టు.

నీ అత్త