కళా సంస్థలకు కన్సల్టెంట్‌గా విజయవాడలో పని దొరుకుతుందా?

బ్యాంకు ఉద్యోగం వదిలేసి విజయవాడలో నాటక, నృత్య సంస్థలకు కన్సల్టెంట్‌గా చేద్దామనుకుంటున్నాను, పని దొరుకుతుందా, ఫీజు ఎలా అడగాలి అన్నారు. ఐదేళ్లుగా గుంటూరు, తెనాలి, బెజవాడ తిరుగుతూ నేను చేస్తున్నది ఇదే. పని బోలెడంత ఉందండీ, డబ్బిచ్చి చేయించుకునేవాళ్లే తక్కువ. మొదటి రెండేళ్లు ఇల్లు గడవడానికి వేరే ఆధారం చూసుకునే దిగండి.

ఈ పనంటే ప్రపోజల్ రాయడమే అనుకుని మొదలుపెట్టాను. గుంటూరులో ఒక పద్యనాటక సమాజం కోసం ఒక కంపెనీకి సీఎస్సార్ నిధులడుగుతూ (అంటే కంపెనీలు లాభాల్లోంచి సమాజం కోసం ఖర్చుపెట్టే డబ్బు) ఇరవై పేజీలు రాశాను. ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టొచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సంప్రదాయ కళలు ఉన్నాయి కదా అని ధీమా. వాళ్లు మొదటి పేజీ తిప్పకముందే సీఎస్సార్-1 నంబరు అడిగారు, అంటే ఆ నిధులు తీసుకునే సంస్థ కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకోవాల్సిన రిజిస్ట్రేషను. 2021 ఏప్రిల్ నుంచి సంస్థలకి అది తప్పనిసరి. దానికి ముందు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు సరిగ్గా ఉండాలి. మాకు ఏదీ లేదు. ఆ ఏడాది నాటకం ఆగిపోయింది. అర్జునుడి వేషం వేసే పెద్దాయన "పర్లేదులే బాబూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తరవాత ఆ సమాజం కార్యదర్శిగారింటికి వెళ్లి కూర్చున్నాను. అటక మీది రేకు ట్రంకు దించారు. కిరీటాలు, భుజకీర్తుల కింద కాగితాలు. హార్మోనిస్టుకి ఇచ్చిన డబ్బు ఒక శుభలేఖ వెనక రాసి ఉంది, సంతకం లేదు. ఐదు వేలు దాటితే రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించాలని వాళ్లకెవరూ చెప్పలేదు. కమిటీ సమావేశాల తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో నాలుగేళ్లుగా ఖాళీ పేజీలే. పాత తేదీలు వేసి రాసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచే రాయడం మొదలుపెట్టించాను. వారం రోజులు సాయంత్రాలు ఒక్కో కాగితం విడదీశాం. నా దృష్టిలో అసలు పని అదే. మీ బ్యాంకు అనుభవం అక్కరకొచ్చేదీ అక్కడే.

సంస్థ సొసైటీగా రిజిస్టరయ్యి ఉంటే కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఏటా దాఖలవుతోందా చూడండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకి పన్ను రాయితీ రాదని కమిటీకి ముందే చెప్పండి. లేదంటే దాతల దగ్గర మాటపడేది వాళ్లే.

ఫీజు విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను: గ్రాంటులో శాతం తీసుకోకండి. అలా తీసుకుంటే కళాకారుడి పారితోషికంలోంచి కోసుకున్నట్టే. పైగా గ్రాంటు చాలాసార్లు ఒకేసారి రాదు. వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చాకే మిగతాది వస్తుంది, అప్పటిదాకా మీకూ టెన్షనే. నేను నెలకింత అని మాట్లాడుకుంటాను. చిన్న నాట్యాలయం అయితే మూడు వేలు. ఏం చేస్తానో, ఏం చేయనో ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెడతాం.

సంస్థలు ఎక్కడ దొరుకుతాయంటారా? తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో కార్యక్రమానికి వెళ్లి చివరిదాకా కూర్చోండి. జనం వెళ్లిపోయాక మైకు సెట్టు కుర్రాడికి లెక్క చూస్తూ ఒకాయన మిగులుతారు. ఆయనతో మాట్లాడండి.