షీటులో మూడు గడులే నింపావేం?

అమ్మడూ,

నువ్వు వేస్తున్న పుస్తకం ప్రూఫులు అందాయి. అట్ట ముచ్చటగా ఉంది. అమ్మేవాళ్లకి పంపడానికి నువ్వు చేసిన పుస్తక వివరాల ఎక్సెల్ షీటు చూశాకే ఈ ఉత్తరం రాయక తప్పలేదు. పుస్తకం పేరు, రచయిత, వెల రాసి ఊరుకున్నావు. మా రోజుల్లో అది చాలేది, షాపతనికి మిగతాది నోటితో చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ముందు కనబడేది ఆ షీటులోంచి వెళ్లిన వివరాలే.

అన్నిటికన్నా ముందు పేరు తేల్చుకో. ఒకాయనవి మూడు కథల పుస్తకాలు వేశాను. ఇంగ్లిషు అక్షరాల్లో ఒకదానికి ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానికి పొడి అక్షరం, మూడోదానికి పేరు చివర అదనంగా ఓ ‘హెచ్’. ఆన్‌లైన్‌లో ఆయన ముగ్గురయ్యాడు. ఒక పుస్తకం నచ్చినవాళ్లకి మిగతావి కనబడలేదు. ‘నాకు తెలీకుండా ఇద్దరు తమ్ముళ్లని పుట్టించావేమిటయ్యా’ అని ఫోన్ చేశాడు. తప్పు నాదే, ఏం చెప్పను!

ఈ వివరాలు పంపడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఓనిక్స్. 2000లో మొదలైంది, లండన్‌లోని ఎడిటర్ (EDItEUR) అనే సంస్థ చూసుకుంటుంది. 2009లో వచ్చిన 3.0 వరసే వాడు, పాతది వద్దు. అందులో పేరుని ముక్కలుగా ఇవ్వొచ్చు, మనలా ఇంటిపేరు ముందుండేవాళ్లకీ చోటుంది. రాసినవారికి ఏ01 అనే కోడ్, అనువదించినవారికి బీ06. నీది అనువాదం కదా, మరి అనువాదకురాలి ఊసే లేదేం? భాష గడిలో ‘తెలుగు’ అని కాదు, టీ-ఈ-ఎల్ అనే కోడ్ పెట్టాలి. విషయానికి థీమా అనే కోడ్‌ల పట్టిక చూడు. కథలకి అందులో ఎఫ్‌వైబీ ఉంది. ‘సాహిత్యం’ అని పెట్టి చేతులు దులుపుకోకు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. మామూలు అట్టకొకటి, గట్టి అట్టకొకటి, ఈ-బుక్కుకొకటి తీసుకో. మార్పుల్లేని పునర్ముద్రణకి పాతదే. చివరి అంకె మిగతా పన్నెండింటికీ కాపలా. వాటిని వరసగా 1, 3, 1, 3 పెట్టి గుణించి కూడు, చివరిదీ కలిపితే పదితో నిశ్శేషంగా పోవాలి. పక్కపక్క అంకెలు తారుమారైతే చాలావరకు పట్టేస్తుంది, వాటి తేడా సరిగ్గా 5 అయితే మాత్రం పట్టుకోలేదు. ఆ సందులోంచే ఒకసారి నా పుస్తకం జారిపోయింది! అందుకే నంబరు చేత్తో కొట్టకు, ఏజెన్సీ ఇచ్చినచోటి నుంచి కాపీ చెయ్యి.

షీటు సరిచేసి, అట్ట ప్రెస్సుకి వెళ్లేలోపు నాకోసారి పంపు. అన్నట్టు, అట్ట మీద వెల 150 అని ఉంది, షీటులో 175. ఏది ఖాయం?

బాబాయి