సంతకం పెట్టింది ఆటకు, శిక్షకు కాదు

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతూ ఖోఖో జట్టులో ఆడుతోంది. పోయిన నెల ఒక పోటీలో ఓడిపోయినందుకు పీఈటీ జట్టు మొత్తాన్నీ మిట్టమధ్యాహ్నం మైదానం చుట్టూ పరిగెత్తించారు. కాలు నొప్పిగా ఉందని మా అమ్మాయి చెబితే నాటకాలాడుతున్నావంటూ స్కిప్పింగ్ తాడుతో పిక్కల మీద కొట్టి, కప్పగంతులు వేయించారు. అప్పుడు పడిపోయి చీలమండ ఎముక విరిగింది. మూడు వారాలు కట్టుతో మంచం మీదే ఉంది. ప్రిన్సిపాల్‌ను అడిగితే, ‘ఆటల్లో గాయాలకు పాఠశాల బాధ్యత లేదని మీరే సంతకం పెట్టారు. ఫిర్యాదు చేస్తే టీసీ ఇచ్చి పంపిస్తాం’ అన్నారు. కేసు పెడితే జట్టులోంచి తీసేస్తారని పాప ఏడుస్తోంది. మాకు దారి ఏమిటి? – ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ సంతకం గురించిన భయం వదలండి. మీ అమ్మాయి ఆడటానికి మీరు ఒప్పుకున్నారు. స్తంభం దగ్గర మలుపు తిరుగుతూ కాలు మడత పడితే, పాఠశాల తగిన జాగ్రత్తలన్నీ తీసుకుని ఉంటే, అది ఆటలో సహజమైన ప్రమాదమే. అందుకు ఎవరినీ తప్పుపట్టలేం. నొప్పి అని చెప్పిన పిల్లను కొట్టి గెంతించడం ఆట కాదు. అందుకు మీరు సంతకం పెట్టలేదు, పెట్టినా చెల్లదు. పిల్లల మేలు కోరి సంరక్షకుల సమ్మతితో సద్భావంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) సెక్షన్ 27 రక్షణ ఇస్తుంది. అది పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలోనే. అక్కడ కూడా కావాలని తీవ్ర గాయం చేస్తే, ప్రాణం కాపాడటానికో జబ్బు నయం చేయడానికో తప్ప, ఆ రక్షణ దొరకదు. క్రమశిక్షణ కోసమే చేశానని పీఈటీ తరఫు న్యాయవాది వాదిస్తారు. స్వల్ప దండనల్లో ఆ వాదనను కోర్టులు విన్న సందర్భాలున్నాయి. ఎముక విరిగిన కేసులో అది నిలవడం కష్టం.

యాజమాన్యమూ తప్పించుకోలేదు. పఠాన్‌కోట్ దగ్గరి ఒక పాఠశాల 1995లో పిల్లలను బియాస్ నది ఒడ్డుకు విహారానికి తీసుకెళ్లినప్పుడు 14 మంది విద్యార్థులు మునిగి చనిపోయారు. వెంట వెళ్లిన ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి పాఠశాలే జవాబుదారీ అని, ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం సబబేనని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ కేసుకూ అదే సూత్రం. పిల్లలను అప్పగించుకున్న సంస్థ తన ఉద్యోగి చేసిన పనికి బాధ్యత వహించాలి.

ఇక శిక్ష సంగతి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అంతకుముందే, 2002లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నిబంధనలను సవరించి బెత్తాన్ని బడుల నుంచి తొలగించింది. తరగతి గదిలో కూడనిది మైదానంలో కూడుతుందని ఎక్కడా రాసి లేదు. ‘గట్టిగా ఉంటేనే ఛాంపియన్లు తయారవుతారు’ అనే మాట నేను తల్లిదండ్రుల నోటా వింటుంటాను. ఆ మాటే ఇలాంటి పీఈటీలకు ధైర్యమిస్తోంది.

పోలీసు ఫిర్యాదు ఎలా రాస్తారన్నది కీలకం. ‘కొట్టారు’ అని మాత్రమే రాస్తే న్యాయ సంహిత సెక్షన్ 115(2) కింద మామూలు గాయంగా చూస్తారు. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దాన్ని దర్యాప్తు చేయలేరు. ఎముక విరగడం, 15 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోవడం సెక్షన్ 116 ప్రకారం తీవ్ర గాయం. కావాలని చేసినట్లు రుజువైతే సెక్షన్ 117(2) కింద ఏడేళ్ల వరకు, నిర్లక్ష్యం వల్లనైతే 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు. కాబట్టి ఎక్స్‌రే, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ‘నొప్పి అని చెప్పినా వినలేదు’ అనే మాట తప్పక రాయండి. పిల్లల పట్ల క్రూరత్వాన్ని శిక్షించే బాల న్యాయ చట్టం సెక్షన్ 75నూ ప్రస్తావించవచ్చు, అయితే బడి ఉపాధ్యాయులకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. శారీరక దండన గురించిన సెక్షన్ 82 అదే చట్టంలో ఉంది, దాని పేరు చాలామంది చెబుతారు. అది శిశు సంరక్షణ కేంద్రాలకే, మీకు పనికిరాదు.

టీసీ బెదిరింపు ఉత్తదే. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టరాదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతోంది. ప్రిన్సిపాల్ ఆ మాట మళ్లీ అంటే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఒకవేళ అది మైనారిటీ విద్యాసంస్థ అయితే ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు రాష్ట్ర విద్యా నిబంధనల మీద, క్రిమినల్ చట్టం మీద ఆధారపడాలి.

మీ అమ్మాయి కన్నీళ్లే నన్ను ఎక్కువగా బాధించాయి. కొట్టినవాడి మీద కోపం కన్నా జట్టులో చోటు పోతుందన్న భయమే ఆ పిల్లకు పెద్దదిగా ఉంది. ఆమెను ఆట మాన్పించకండి. జిల్లా విద్యాధికారికీ రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కూ ఇచ్చే ఫిర్యాదులో రెండు విషయాలు స్పష్టంగా కోరండి. విచారణ ముగిసేవరకు ఆ పీఈటీని పిల్లల శిక్షణకు దూరంగా ఉంచాలి. ఫిర్యాదు చేసినందుకు మీ అమ్మాయిని ఎంపికల నుంచి తప్పించకూడదు. ఫిర్యాదు ఇచ్చేముందు ఆమెకు చదివి వినిపించండి. తోటి క్రీడాకారిణుల్ని సాక్ష్యం చెప్పమని మీరు నేరుగా ఒత్తిడి చేయవద్దు, వారి తల్లిదండ్రులతో మాట్లాడండి.

పరిహారం కోసం సివిల్ కోర్టుకే వెళ్లాలి. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో చెప్పింది కనుక ఆ దారి ప్రస్తుతానికి నమ్మదగినది కాదు. సివిల్ దావాకు తొందర లేదు. లిమిటేషన్ చట్టం మైనర్లకు ఇచ్చిన వెసులుబాటు వల్ల ఆమెకు 18 నిండాక మరో మూడేళ్ల వరకు గడువు ఉంటుంది. ఈలోపు మీరు ఆమె తరఫున వేసినా సరే. తొందరపడాల్సింది సీసీ కెమెరా దృశ్యాల విషయంలో. పాతవి వాటంతట అవే చెరిగిపోతాయి. ఘటన జరిగి ఇప్పటికే నెల అవుతోంది కాబట్టి, ఆ రోజు దృశ్యాలను భద్రపరచాలని కోరుతూ ఇవాళే ప్రిన్సిపాల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి, రసీదు దాచుకోండి.