ఎముకలు పోగుచేయబోతున్న కీర్తనకు పెద్దనాన్న ఉత్తరం

అమ్మా కీర్తనా,

జంతువుల పుర్రెలు, ఎముకలు సేకరించి ఒక బీరువా నింపాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడు బెంగగా చెప్పాడు, నేను సంబరంగా విన్నాను. ఇన్నేళ్ళు పశువుల ఆసుపత్రుల్లో పనిచేసినవాణ్ణి, ఎముక కనబడితే ఆగి చూసే బుద్ధి మన ఇంట్లో ఇంకొకరికి వచ్చిందంటే గర్వంగా ఉండదా? కానీ ఫోన్ పెట్టేసేముందు వాడింకో మాట అన్నాడు. ఇన్‌స్టాగ్రాంలో ఎవడో నక్క పుర్రె నాలుగు వేలకిస్తానన్నాడట, నువ్వు ఆలోచిస్తున్నావట. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కొనొద్దు తల్లీ. ముందా మాట చెప్పేసి మిగతావి రాస్తాను.

"దానంతటదే చచ్చింది" అని వాడు చెప్పే ఉంటాడు. అమ్మేవాళ్ళంతా ఆ మాటే చెబుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు చచ్చి దొరికినా అది సర్కారు సొత్తే. మన చేతికొస్తే 48 గంటల్లోగా పోలీసులకో అటవీ అధికారులకో చెప్పాలి. ఎముక, పన్ను, గోరు, కొమ్ము, తాబేటి డిప్ప అన్నీ చట్టంలో 'ట్రోఫీ' కిందికే వస్తాయి. నల్లమలలో రాలిపడిన దుప్పి కొమ్మును కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. నెమలి రాల్చిన పింఛం ఈకకు సడలింపు ఉంది గానీ నెమలి ఎముకకు లేదు. చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలు జాబితాలో ఉన్న జంతువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. తెల్లగా తోమేశాక ఎవరు పోలుస్తారులే అనుకోకు. మీ హైదరాబాదులోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాల ఉంది. చిన్న ముక్కలోంచి డీఎన్ఏ తీసి ఏ జంతువుదో చెప్పేస్తారు.

అయినా నన్ను నిద్రపోనివ్వనిది జైలు భయం ఒక్కటే కాదు.

ఎనభైల్లో నేను నల్లమల అంచున ఒక ఊళ్ళో పనిచేసేవాణ్ణి. దగ్గరి టౌన్లో జువాలజీ లెక్చరర్ ఒకాయన నాకు ప్రాణ స్నేహితుడు. పేరు రాయను. చీమకైనా హాని తలపెట్టని మనిషి. ల్యాబులో పిల్లలకు చూపించడానికి ఉడుము పుర్రెలు కావాలనుకున్నాడు. బండ్ల కింద పడి చచ్చినవి తెచ్చిస్తే ఒక్కోదానికి పది రూపాయలిస్తానని కుర్రాళ్ళకు చెప్పాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో పది రూపాయలంటే ఒక రోజు కూలి. మొదట వచ్చినది నిజంగానే లారీ కింద నలిగినది, దవడ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి, అన్నీ నిండుగా ఉన్నవే. ఆయన మురిసిపోయాడు. శుభ్రం చేసి బల్ల మీద వరసగా పేర్చి నన్ను పిలిచాడు.

ఒక్కొక్కటే తీసి కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాను. అన్నిటికీ నెత్తిన, కళ్ళకు వెనకగా, ఒకే చోట పగులు. ఎండిన ఎముక విరిగితే అంచు గరుకుగా ఉంటుంది, లోపలి రంగు పైరంగుకంటే తెల్లగా బయటపడుతుంది. పచ్చి ఎముక అలా విరగదు. అంచు వాలుగా, నున్నగా ఉంటుంది, సన్నటి నెర్రెలు చుట్టూ పాకుతాయి, పెళ్ళలు ఊడిపోకుండా లోపలికి వంగి అతుక్కునే ఉంటాయి. ఇవన్నీ అలాగే ఉన్నాయి. కర్రతో కొట్టినవి.

కుర్రాళ్ళను పిలిపించాం. పెద్దవాడికి పన్నెండేళ్ళుంటాయేమో. దాచలేదు, తడబడలేదు. "చచ్చినవే తెమ్మన్నారు గదా సార్, తెచ్చేటప్పటికి చచ్చే ఉన్నాయి" అన్నాడు. వాడిమీద కోపం ఎలా వస్తుంది చెప్పు? ఆ డబ్బుతో వాళ్ళింట్లో నూకలు కొనుక్కున్నారు. ఉడుము తలకు ధర కట్టింది చదువుకున్న మనిషి. ఆయన ఆ రోజే ఆపేశాడు, కానీ కట్టిన ధర ఆగలేదు. సంతకొచ్చే వ్యాపారి ఒకడు తోళ్ళ కోసం ఆ పిల్లల్నే పట్టుకున్నాడు. నేను బదిలీ అయి వెళ్ళేనాటికి ఆ గట్ల మీద ఉడుము కనబడటమే అరుదైపోయింది. పోనీ ఆ పుర్రెలు చదువుకైనా పనికొచ్చాయా అంటే అదీ లేదు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఆడదా మగదా, ఒక్కదానికీ చీటీ లేదు. నీ నాలుగు వేలు చూసి రేపు ఏ పొలంలో ఎవరు ఉచ్చు పన్నుతారో నీకెప్పటికీ తెలియదు. అదే నా భయం.

మరి ఎక్కణ్ణుంచి తేవాలి? మీ వీధి మటన్ కొట్టునుంచి. ఎలాగూ తలకాయ కూరకు పోయేదే. ఆదివారం పెందలాడే వెళ్ళి "కాల్చొద్దు, కొట్టొద్దు, తలకాయ నిండుగా ఇవ్వన్నా" అని అడుగు. లేకపోతే వెంట్రుకలు కాల్చేసి, మెదడు కోసం రెండుగా చీల్చేస్తారు. నీళ్ళలో నానబెట్టి మూతపెట్టు, నీళ్ళు మారుస్తూ ఉండు, వంచేటప్పుడు జల్లెడ పట్టు, లేకపోతే ముందరి పళ్ళు ఊడి కొట్టుకుపోతాయి. బ్లీచింగు మాత్రం వద్దు, ఎముకను తినేస్తుంది. కొమ్ము తొడుగు జారి లోపల బొరియలున్న ఎముక బయటపడే రోజు నువ్వు పక్కనుండాలి, అంత ముచ్చటగా ఉంటుంది. పైదవడకు ముందు పళ్ళే లేవని చూసి ఆశ్చర్యపోతావు. కింది పళ్ళు చూసి రెండు పళ్ళదా నాలుగు పళ్ళదా అని మన రైతులు వయసెలా కడతారో అప్పుడు ఫోన్లో చెబుతాను.

ఊరవతల పడేసిన పశువుల ఎముకలు ఏరుకోవచ్చా అని అడుగుతావు. నా చిన్నప్పుడు కళేబరం మీద రాబందులు వాలితే సాయంత్రానికి ఎముకల గూడు మిగిలేది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫినాక్ ఆ కళేబరాల ద్వారా రాబందులను చంపేసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికి చాలా ఆలస్యమైపోయింది. ఇప్పుడా కళేబరాలు కుళ్ళి కుక్కల పాలవుతున్నాయి. ఇంకొకటి. చచ్చిన పశువును మోసుకెళ్ళి తోలు తీసే పని తరతరాలుగా మాదిగ కుటుంబాల నెత్తిన పెట్టి, వాళ్ళనే అంటరానివాళ్ళన్నాం. ఆ చోటికి వెళితే వాళ్ళనడిగి, వాళ్ళ కష్టానికి కూలిచ్చి తెచ్చుకో. ఇది ఉడుముకు ధర కట్టడంలాంటిది కాదు, ఇక్కడ నువ్విచ్చేది పనికి.

కానీ ఏ పశువు ఎలా చచ్చిందో తెలియకపోతే దగ్గరికే పోవద్దు. నిన్నటిదాకా మేసింది ఉన్నట్టుండి కూలిపోయి, కడుపు ఉబ్బి, ముక్కునుంచో వెనకనుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ రోగం, ఆంత్రాక్స్ అంటారే అదే. అలాంటి గొర్రెను కోసిన చేతుల మీద నల్లటి పుండ్లు లేవడం నేను కళ్ళారా చూశాను. ఆ క్రిమి బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, ఎండిన ఎముకను కూడా నమ్మలేం. అందుకే పశువును కోయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడుస్తారు. ఆ గోతుల్ని ఎప్పుడూ తవ్వొద్దు.

ఎద్దు పుర్రె సంచిలో పెట్టుకుని ఒంటరిగా బస్సెక్కకు. ఇప్పటి రోజులు మంచివి కావు, నువ్వు చెప్పేది వినేలోపు చెయ్యెత్తే మనుషులున్నారు. నాన్ననో నన్నో తోడు తీసుకో. సముద్రం ఒడ్డున తాబేలు చచ్చి కనబడితే ఫోటో తీసి, చోటు రాసుకుని, అటవీ శాఖకు చెప్పి వచ్చెయ్యి. చీటీ, ఫోటో ఉంటే అదీ నీ సేకరణలో లెక్కే.

సంక్రాంతికి రా. ఇక్కడి మటన్ కొట్టతనికి ఇప్పటికే చెప్పి ఉంచాను, పొట్టేలు తల ఒకటి కొమ్ములతో సహా తీసిపెడతాడు. మందపాటి రబ్బరు గ్లౌజులు నువ్వు తెచ్చుకో, ఇక్కడ దొరికేవి నీ చేతికి వదులవుతాయి. ఈలోపు ఎక్కడ ఏ ఎముక కనబడినా ముట్టుకోకముందే ఫోటో తీసి నాకు పంపు. రాత్రి పదకొండైనా సరే, ఫోన్ చేసి లేపు.

నీ పెద్దనాన్న